నలభై ఒక్క నల్ల గుండీలు

"మాస్టారూ, ఆ మంత్రం నాకెప్పుడిస్తారు?" అని అడిగింది సువార్త, ఇంకా చెప్పులైనా విప్పకుండానే.

అలా అడగడం అది నాలుగో ఆదివారం.

కూర్మనాథం మాస్టారు బల్ల మీద పరిచిన ఖాకీ గుడ్డ మీద సుద్దతో కోటగోడ గీస్తున్నారు. తలెత్తకుండా, "ఏ మంత్రమమ్మా?" అన్నారు.

"లేపినవాళ్ళు మళ్ళీ పడిపోకుండా ఉండే మంత్రం. ఆటలో నా కరాళికి ఆ అర్హత వచ్చి నెల దాటింది. మీ పుస్తకంలోనే రాసుంది."

"రాసుంది," అన్నారు మాస్టారు. "కూర్చో. ముందు మంచినీళ్ళు తాగు."

సువార్త కూర్చుంది. పొద్దున్న ఏడింటికి ఎక్కిన డ్యూటీ రెండింటికి దిగి, ఆ తెల్లబట్టలతోనే బస్సెక్కి వచ్చింది. ముక్కు మీద మాస్కు గుర్తు ఇంకా పోలేదు. గ్లాసు చేతిలో పట్టుకుని, అందులో నీళ్ళున్న సంగతి మర్చిపోయినట్టు చూస్తూ ఉండిపోయింది.

మాస్టారు విశాఖ వన్ టౌన్‌లో దర్జీ. నలభై ఏళ్ళ కిందట ఏదో ఓడ సరుకు దిగక రెండు నెలలు రేవులో నిలిచిపోయింది. ప్యాంట్లు కుట్టించుకోవడానికి వచ్చిన నావికులు ఏమీ తోచక ఆయన కత్తిరింపు బల్ల మీద ఒక ఆట ఆడుకునేవారు. మాస్టారు మిషను తొక్కుతూ, చూస్తూ నేర్చుకున్నారు. వెళ్ళేటప్పుడు వాళ్ళు పుస్తకాన్నీ, ఇరవై ముఖాల పాచికల్నీ ఆయనకే ఇచ్చి పోయారు.

ఆ ఆటలో గెలవడం, ఓడిపోవడం అంటూ ఉండవు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర కట్టుకుని ఆ కథలో తిరుగుతారు. ఏదైనా కష్టమైన పని చేస్తానన్నప్పుడు పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే పని అయినట్టు. ఆ పాత్రలు తప్పించి మిగతా లోకమంతా, వానతో సహా, శత్రువులతో సహా, దారిన పోయే ముసలమ్మతో సహా, కథ నడిపేవాడి నోట్లోంచే రావాలి.

ప్రతి ఆదివారం కొట్టు కట్టేసి ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం మూడింటికి ఆట మొదలయ్యేది. పోర్టులో క్రేను నడిపే దేముడు ఒక వీరుడు. లెక్కల ట్యూషన్లు చెప్పే జహీదా ఒక దొంగ. సువార్త కరాళి. చచ్చినవాళ్ళని లేపి వెంట నడిపించుకునే మంత్రగత్తె. పుస్తకంలో దానికి నెక్రోమాన్సర్ అని ఉంది. మాస్టారు దాన్ని "పీనుగుల మంత్రగత్తె" అన్నారు. రెండేళ్ళ కిందట మొదటిరోజు ఆ పేరు వినగానే దేముడూ జహీదా పగలబడి నవ్వారు. సువార్త నవ్వలేదు. "నాకదే కావాలి," అంది.

కరాళి లేపిన ప్రతి పీనుగుకీ బల్ల మీద ఒక నల్ల కోటు గుండీ పెట్టేవారు. మొదట్లో మూడు ఉండేవి. ఇప్పుడు నలభై.

వాటికి పేర్లున్నాయని సువార్తకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆమె పెద్దాసుపత్రి ఐసీయూలో పన్నెండేళ్ళుగా నర్సు. మొదటి గుండీ పెట్టిన వారమే ఏడో మంచం మీద లచ్చన్న పోయాడు. భీమిలిలో పడవలకి తారు పూసేవాడు. పదకొండు రోజులున్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఆట కోసం పెట్టుకున్న పొడుగు నోటుపుస్తకంలో మొదటి గుండీ ఎదురుగా "లచ్చన్న" అని రాసింది. ఎందుకు రాసిందో ఆమెకే తెలియదు. రాశాక కాస్త ఊపిరాడినట్టనిపించింది. తరువాత పైడమ్మ. తరువాత సోములు. ఆదివారాలు గడిచేకొద్దీ పుస్తకం నిండింది. ఆసుపత్రిలో ఆమె చేత్తో తల మీద దుప్పటి కప్పినవాళ్ళందరూ ఇక్కడ కరాళి వెనకాల నడిచేవారు. బాణం తగిలి పడితే ఆమె పాచిక వేసేది. లేచేవారు.

గొడవంతా ఈ కోట దగ్గర వచ్చింది. కోట లోపలికి పోవడానికి జహీదా నెల కిందటే ఒక సొరంగం కనిపెట్టింది. అయితే దాని మొదట్లో ఉన్న గుమ్మాన్ని ప్రాణం లేనిది ఏదీ దాటలేదు. వెళ్తే ముగ్గురే వెళ్ళాలి. నలభైమందీ బయటే ఉండిపోవాలి.

"నేను వదిలి రాను," అంది సువార్త.

దాంతో నాలుగు ఆదివారాలుగా పెద్ద దర్వాజా దగ్గరే యుద్ధం. పీనుగులు పడడం, కరాళి లేపడం, మళ్ళీ పడడం. ఒక్కొక్క గుండీకీ ఒక్కొక్క పాచిక వేసేసరికి పొద్దు గుంకేది. దేముడికి ఆట మీదే విసుగు పుట్టింది. "ఏటి సిస్టరమ్మా, నా కత్తికి తుప్పట్టిపోతంది," అన్నాడు కిందటి వారం. ఆమె విననట్టు మరో పాచిక వేసింది. తన మంత్రం వల్లే ఈ రెండేళ్ళలో జట్టులో ఒక్కరికీ ఏమీ కాలేదని ఆమెకి లోపల కొంత గర్వం కూడా ఉంది. ఆ గర్వాన్ని మోయడానికి ఇప్పుడు ఓపిక చాలడం లేదు, అంతే.

మొన్న శుక్రవారం తొమ్మిదో మంచం మీద ఎర్రయ్యమ్మ అనే ముసలావిడకి గుండె ఆగింది. సువార్త రెండు చేతులూ ఆవిడ గుండె మీద పెట్టి నొక్కుతూనే ఉంది. ఇరవై నిమిషాలయింది, ముప్ఫై అయింది. డాక్టరు గడియారం చూసి టైము రాయించాడు. సువార్త చేతులు ఆగలేదు. "సిస్టర్!" అన్నాడు. ఆగలేదు. ఆఖరికి ఇద్దరు నర్సులు భుజాలు పట్టుకుని పక్కకి లాగారు. తలుపుకున్న అద్దంలోంచి ఎర్రయ్యమ్మ కూతురు ఇదంతా చూసింది.

హెడ్ నర్సు తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "నెల్రోజులు సెలవు పెట్టు. లేదా ఓపీకి మారిపో. సోమవారం నాకు చెప్పు," అంది.

సోమవారమంటే రేపు.

ఇప్పుడు సువార్త నీళ్ళు తాగకుండానే గ్లాసు కింద పెట్టి, గుండీల డబ్బాలోంచి ఒక నల్ల గుండీ తీసి బల్ల మీద పెట్టింది. నలభై ఒకటి. నోటుపుస్తకంలో చివరి గీత మీద ఒక పేరు రాసింది.

దేముడు అది చూసి జహీదా వైపు చూశాడు. జహీదా కిటికీలోంచి బయటికి చూసింది.

"మంత్రం ఇస్తే ఒక్క వారంలో కోట పడిపోతుంది మాస్టారూ," అంది సువార్త. "వీళ్ళకీ బాధ తప్పుతుంది."

మాస్టారు సుద్ద పక్కన పెట్టి చేతులు దులుపుకున్నారు. బల్లకి అవతల, చొక్కాలు మడతపెట్టే అట్టని నిలబెట్టి, దాని వెనకాల తన కాగితాలు దాచుకుని కూర్చుంటారాయన. అది కథ నడిపేవాడి చోటు. అక్కణ్ణించి లేచారు.

"ఇవాళ నాకు గొంతు పట్టేసిందమ్మా," అన్నారు. "ఎక్కువ మాట్లాడలేను. నువ్వు ఇటొచ్చి కథ నడుపు. నీ కరాళిని నేనాడతాను."

"నాకు రాదు మాస్టారూ."

"రెండేళ్ళ నుంచీ వింటున్నావు గదా. ఎవరేం చేస్తే ఏమయిందో, ఎదురుగా ఏం కనబడుతోందో చెప్పడమే. రా. ఆ నోటుబుక్కు ఇలా ఇయ్యి."

సువార్త చెయ్యి పుస్తకం మీదే ఉండిపోయింది. మాస్టారు చెయ్యి చాచి నిలబడ్డారు. తొందరపెట్టలేదు. కొంతసేపటికి ఆమె పుస్తకం ఇచ్చి, లేచి వెళ్ళి అట్ట వెనకాల కూర్చుంది.

మాస్టారు ఆమె కుర్చీలో కూర్చుని కళ్ళజోడు సవరించుకున్నారు. మొదటి పేజీ చూశారు. రెండోది తిప్పారు. మూడోది తిప్పలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"సరే," అన్నారు. "నేను కరాళిని. దర్వాజా దగ్గరున్నాను. లచ్చన్నా, పద. తలుపు పగలగొట్టు."

ఆ పేరు ఇంకొకరి నోట వినడం సువార్తకి అదే మొదటిసారి. అయినా ఎప్పుడూ మాస్టారు చెప్పినట్టే చెప్పింది. "కదిలాడు. తలుపు వైపు నడిచాడు. పైనుంచి బాణం వచ్చింది. పడ్డాడు."

"లచ్చన్నా, లే," అని మాస్టారు పాచిక వేశారు. పద్నాలుగు.

"లేచాడు."

"ఎలా ఉన్నాడు?"

"అంటే?"

"నాకు కనబడాలి గదమ్మా. మనిషి ఎలా ఉన్నాడు?"

సువార్త గుడ్డ మీద నల్ల గుండీ వైపు చూసింది. "మాసిన గడ్డం. ఎడం చెయ్యి పైకెత్తలేడు. గోళ్ళల్లో తారు, ఎంత తుడిచినా పోదు."

"ఏమైనా అంటున్నాడా?"

"టీ అడుగుతున్నాడు."

దేముడు ఫక్కుమన్నాడు. సువార్త మొహం చూసి ఆగిపోయాడు.

"టీ తరవాత," అన్నారు మాస్టారు. "లచ్చన్నా, తలుపు పగలగొట్టు."

ఆ గొంతు కరుగ్గా ఉంది. మాస్టారు అలా మాట్లాడగా ఆమె ఎప్పుడూ వినలేదు. ఒక్క క్షణం కోపం వచ్చింది. ఆ మాట తాను వందసార్లు అన్నదే, సరిగ్గా అదే విసురుతో అన్నదే అని తరువాత తెలిసింది.

"వెళ్ళాడు," అంది నెమ్మదిగా. "మళ్ళీ బాణం. పడ్డాడు."

"లే."

పాచిక బల్ల మీద దొర్లి కత్తెర తగిలి ఆగింది. పంతొమ్మిది.

బయట రోడ్డు మీద ఎవరో ఆటో స్టార్టు చెయ్యడానికి అవస్థ పడుతున్నారు. అది రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"పంతొమ్మిది పడిందమ్మా. మంత్రం పారింది. లేవాలి."

"లేవడు."

"రూలు ప్రకారం..."

"కథ నడిపేది నేను," అంది సువార్త. "లేవడు మాస్టారూ. పడుకున్నాడు. పదకొండు రోజులైంది ఆయన కంటినిండా నిద్రపోయి. గొంతులో గొట్టం ఉండగా ఎవరికి పడుతుంది నిద్ర? ఇప్పుడు పట్టింది. లేపొద్దు."

"సరే," అన్నారు మాస్టారు.

లచ్చన్న గుండీని రెండు వేళ్ళతో తీసి, కోట గీతకి దూరంగా గుడ్డ అంచున పెట్టారు. నోటుపుస్తకంలో తరువాతి గీత మీద వేలు పెట్టారు.

"పైడమ్మా, లే."

"లేవదు. నడుం నొప్పి ఆవిడకి. పూర్ణా మార్కెట్ దగ్గర పూలమ్మేది. ముప్ఫై ఏళ్ళు నేల మీదే కూర్చుంది."

"సోములూ, లే."

"లేవడు. లారీ క్లీనరు. పెళ్ళి కుదిరిందని ఫోనులో అమ్మాయి ఫొటో చూపించేవాడు."

మూడో గుండీ కూడా గుడ్డ అంచుకి చేరింది. నాలుగోది. అయిదో పేరు దగ్గర దేముడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆరో పేరు దగ్గర జహీదా ఓణీ కొంగు తల మీదకి లాక్కుంది.

మాస్టారు పాచిక వెయ్యడం మానేశారు. పేరు చదవడం, ఆమె చెప్పింది వినడం, గుండీ తియ్యడం. కొందరి గురించి ఆమెకి చాలా తెలుసు. కొందరి గురించి వాళ్ళు ఏ పక్కకి తిరిగి పడుకునేవారో తప్ప ఏమీ తెలియదు. తెలిసినంతే చెప్పింది. ఒక ఇంగ్లీషు మాస్టారు చేతిసైగతో నర్సుల స్పెల్లింగులు దిద్దేవాడని చెప్పింది. ఒకావిడ తన ముక్కుపుడక ఎవరికివ్వాలో చెప్పబోయి సగంలో ఆపేసిందని చెప్పింది. మధ్యలో ఒకసారి తానే నవ్వింది, ఒకాయన డాక్టరు వచ్చిన ప్రతిసారీ నిద్ర నటించేవాడని గుర్తొచ్చి. ఆ నవ్వు సగంలో తెగింది. మాస్టారు వేలు ఆ గీత మీదే పెట్టి ఆగారు.

ఇరవై ఆరో గీత దగ్గర మాస్టారు తడబడ్డారు. "నీలం చొక్కా?"

"పేరు తెలీదు. రోడ్డు పక్కన పడి ఉంటే ఎవరో తెచ్చారు. ఎవరూ రాలేదు ఆయన కోసం."

"చొక్కాకి గుండీలన్నీ ఉన్నాయా?" అన్నారు మాస్టారు.

"రెండు లేవు. పైది, కింది నుంచి రెండోది."

మాస్టారు తల పంకించారు. ఆ గుండీని అరచేతిలో కాసేపు ఉంచుకుని, మిగిలినవాటి పక్కన పెట్టారు.

చివరి గీతకి వచ్చేసరికి వీధిలోకి ఎండ ఏటవాలుగా దిగింది. కోట ముందు ఒక్క గుండీ మిగిలింది.

"ఎర్రయ్యమ్మా," అన్నారు మాస్టారు. ఈసారి ఆయన గొంతులో కరుకు లేదు. "లే."

సువార్త తన రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూసుకుంది. శుక్రవారం నుంచీ మణికట్లు నొప్పిగానే ఉన్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"లేవదు," అంది. "ఆవిడ పక్కటెముక ఒకటి విరిగింది. నా చేతి కిందే విరిగింది. చప్పుడు నాకు వినబడింది. అయినా నొక్కాను."

"ఆవిడ వెళ్ళిపోయి అప్పటికే చాలాసేపైంది మాస్టారూ. నాకు తెలుసు. కూతుర్ని లోపలికి పిలిస్తే చెయ్యైనా పట్టుకునేది. నేను అడ్డం ఉన్నాను."

మాస్టారు ఆ గుండీ తియ్యలేదు. నోటుపుస్తకం మూసి తన ముందు పెట్టుకుని కూర్చున్నారు. సువార్తే అట్ట మీదుగా చెయ్యి చాపి, ఎర్రయ్యమ్మ గుండీని తీసి, గుడ్డ అంచున నలభైమంది పక్కన పెట్టింది. కుదురుగా లేదనిపించి కొంచెం జరిపింది. అప్పుడు ఏడ్చింది. పన్నెండేళ్ళ నర్సు ఏడ్చినట్టు, చప్పుడు లేకుండా, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఏడ్చింది. దేముడు లేచి వెళ్ళి మూలనున్న కూజాలోంచి నీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఈసారి తాగింది.

"నెల్రోజులు సెలవు పెడతాను మాస్టారూ," అంది గ్లాసు దించాక. "రేపు హెడ్ నర్సుకి చెప్పేస్తాను. సెలవయ్యాక మళ్ళీ అక్కడికే వెళ్తాను. ఓపీకి కాదు."

"పెట్టమ్మా," అన్నారు మాస్టారు. "ఎర్రయ్యమ్మగారి ఇల్లెక్కడో తెలుసా?"

"గాజువాక."

"ఊఁ."

మాస్టారు పాచిక చేతిలోకి తీసుకున్నారు.

దేముడు గొంతు సవరించుకున్నాడు. "మరి కోట సంగతేటి? కరాళమ్మ కాడ ఇంకెవరూ నేరు గదా."

"నేనున్నాను గదా," అన్నారు మాస్టారు, కరాళిగా. "కాళ్ళున్నాయి, నడుస్తాను. జహీదా, సొరంగం ఎటు?"

"ఇటు," అంది జహీదా, ముందుకి వంగి సుద్దగీతల మధ్య వేలు పెట్టి. "గుమ్మం దాటుతున్నాం అక్కా. నేను ముందు, వెనక మాస్టారు, ఆఖర్న దేముడన్న. దాటగలిగామా?"

"దాటారు," అంది సువార్త. "ముగ్గురూ దాటారు."

"లోపల ఏముంది?"

సువార్త అట్ట వెనకాల మాస్టారి కాగితాలు వెతికింది. కోట బురుజుల బొమ్మ ఉంది. కాపలావాళ్ళ లెక్క ఉంది. దర్వాజా బలమెంతో రాసి ఉంది. సొరంగం అవతల అన్నచోట కాగితం తెల్లగా ఉంది. తిరగేసి చూసింది. అటు కూడా ఏమీ లేదు.

"ఇక్కడ ఏమీ రాసిలేదు మాస్టారూ," అంది.

మాస్టారు కరాళి కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన కూడా బాగా అలసిపోయి కనిపించారు.

"ఇన్నాళ్ళూ మనమెవరమూ అటు వెళ్ళలేదు గదమ్మా," అన్నారు. "రాసేదెవరు?"